జంఫీర్ పేరు చదివించక్కా

సుచావా, గురువారం

పరస్కీవా అక్కా, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ కొడుకు ఇలారియె నాతో ఎందుకు మాట్లాడటం లేదని అడిగావు. ఫోనులో చెప్పలేక ఈ కార్డు రాసి కవరులో పెడుతున్నాను.

సోమవారం మా ప్రమాదాల వార్డులో బొమ్మను రోగిగా పడుకోబెట్టి శిక్షణ ఇచ్చారు. జట్టుకు పెద్ద మన డాక్టరు ఇలారియె. పెద్దయినవాడు చేయి వేయకుండా, రోగి కాళ్ల దగ్గర నిలబడి అందరి మాటా వినాలట. వాడు ఆగలేక తనే కట్టు కట్టడానికి వంగిపోయాడు. ఆక్సిజన్ గొట్టం ఊడిపోవడం ఆయాగా పక్కనే ఉన్న నేను చూశాను, నోరు విప్పలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అంది శిక్షణ ఇచ్చే డాక్టరమ్మ.

"చెబితే 'పిన్నీ, నువ్వు నేల తుడువు చాలు' అంటాడండీ."

అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక వాడు మెల్లగా అడిగాడు. "పిన్నీ, ఈస్టరు ముందు ఉపవాసాల్లో మన వార్డులోనే నా చేతుల్లో పోయాడే, లారీ డ్రైవరు జంఫీర్, అప్పుడు కూడా ఏమైనా చూశావా?"

"లేదు నాయనా," అన్నాను.

వాడు నమ్మలేదు. చూశానక్కా. అప్పుడూ గొట్టమే ఊడింది.

ఆవు ఈనిందా? వాడు సరిగా తినడం లేదు, జామ్ సీసా ఒకటి పంపు. శనివారం మన ఊరి చర్చిలో, చనిపోయినవాళ్ల పేర్లతో జంఫీర్ పేరు కూడా చదివించు. బావగారికి నమస్కారాలు.

ఈ కార్డు దాచు, వాడికి చూపించకు. ఆ మాట నా నోటితోనే చెప్పాలి.

నీ చెల్లెలు
అగ్లాయా