సార్ ఇంటి పెరుగు

సుజాతక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ రోజు సెమినార్‌లో మన సార్ పంటి పాచి గురించి మాట్లాడాడు. పెరుగులోని మంచి బాక్టీరియా వదిలే పదార్థం ఆ పాచిని పళ్ళకు అంటుకోనివ్వదట. తెర మీద నీ గాజు కడ్డీల ఫొటో వేశాడు. పాచి క్రిములు కలిపిన ఉత్త చక్కెర ద్రావణంలో ఉంచిన కడ్డీకి తెల్లగా పాచి పట్టింది. ఆ పదార్థం కూడా కలిపిన దాంట్లోది శుభ్రంగా ఉంది. నీ పేరు మాత్రం ఎక్కడా లేదు.

నువ్వు మొదటిసారి ఆ కడ్డీలు చూపించినప్పుడు ఆయన నవ్వాడు. "పెరుగుతో పళ్ళు తోముకోమంటావా అమ్మా?" అన్నాడు. నువ్వు బయటికొచ్చి, "నవ్వితె నవ్వనియ్. కడ్డీకి పాచి పట్టలే గద, గంతే చాలు నాకు" అన్నావు.

ఎవరో లేచి, ఈ బాక్టీరియా ఎక్కడిదని అడిగారు. "మా ఇంటి పెరుగులోదే" అన్నాడు. గొంతు కూడా తడబడలేదు. హాలంతా చప్పట్లు. దీపాలు పెట్టాక తోడు బయటికి ఇవ్వనని మీ అమ్మ పట్టుబడితే, తెల్లారాక పురానాపూల్ నుంచి బస్సులో గిన్నె ఒళ్ళో పెట్టుకుని నువ్వు తెచ్చిన పెరుగది.

భోజనాల దగ్గర ఆయన పక్కనే నిలబడ్డాను. వడ్డించే ఆమె పెరుగు గరిటె ఎత్తగానే ఆయన ప్లేటు వెనక్కి లాక్కున్నాడు.

"నాకొద్దమ్మా. చిన్నప్పటి నుంచీ ఆ వాసన పడదు. మా ఇంట్లో అసలు తోడే పెట్టరు."