తాడు పట్టే చెయ్యి

పాపికొండల కింద కాపురముండే పోలమ్మను, అరవై దాటినదాన్ని, కొడుకూ కూతురూ అల్లుడూ ఉన్న ఇంటిదాన్ని, పోయిన నా పెనిమిటికి ఇది రాయిస్తున్నాను. నువ్వు చదవవు మావా. అయినా రాయండి పంతులుగారూ అన్నాను.

తేనె తియ్యాలంటే కొండ మీద రాతి అరుగు నుంచి కింది అరుగుకి అంచెలంచెలుగా దిగి, అలాగే ఎక్కి రావాలి. ప్రతి అరుగు మీదా నిలబడి తాడు పట్టేది పెళ్లాం తోడబుట్టినవాడే. అక్క పసుపుకుంకాలు వాడి చేతిలో ఉంటాయి కనక వదలడు. ఆనాడు మునసబుగారు నా తమ్ముణ్ణి పల్లకీ మొయ్యడానికి పంపి, తన బంట్రోతు చేతికి తాడిచ్చారు. నువ్వు "చిత్తం" అని దిగావు. తేనెటీగలు ముసరగానే వాడు తాడొదిలి పైకి పారిపోయాడు. నిన్ను చంపింది ఆ చిత్తమే.

నిన్న మన అల్లుడు అదే కొండ దిగాలి. మునసబుగారు ఈసారి తాడు పట్టాల్సిన మన కొడుకుని పల్లకీకి రమ్మన్నారు. నేను పోయి తాడు చుట్ట మీద కూర్చున్నాను.

"ముసల్దానా, తాడుకి చుట్టరికం తెలుసా?" అన్నారాయన.

"తాడుకి తెలీదండి, పట్టినోడి చేతికి తెలుసు. పోనీ తమరు పడతారా?"

కొడుకుని వదిలారు. ఈగలు వాణ్ణీ ముసిరాయి. మొహం వాచి కళ్లు మూసుకుపోయాయి గానీ, అల్లుడు ఎక్కి వచ్చేదాకా వాడి చెయ్యి సడలలేదు. ఈ పొద్దున మన కూతురు పసుపు రాసుకుంటుంటే చూశాను. సంతోషం రాలేదు మావా, నీ మీద కోపం వచ్చింది. "కుదరదండి" అని ఒక్కమాట నువ్వూ అని ఉండొచ్చు.

ఇది పోలమ్మ నిశాని.
సాక్షులు: తాడు పట్టిన కొడుకు పోతురాజు, తిరిగొచ్చిన అల్లుడు సోమన్న.