వేలం పిలిచిన గొంతు

అనకాపల్లి

చిరంజీవి యశస్వినికి నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మ, నాయనమ్మ కులాసాగా ఉన్నారు. నా సంగతి కిందన రాస్తాను. రుమేనియాలో మంచు ఎక్కువైందన్నావు, స్వెట్టర్ లేకుండా కాలేజీకి వెళ్లకు.

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. మీ డాక్టరు చదువులో గొంతు పాఠం మొదలైందని రాశావు. లారింక్స్ అనే మాట గ్రీకుల దగ్గర పుట్టి, లాటిన్‌లోకి వచ్చి, రుమేనియా వాళ్ల నోట లారింజె అయిందట. ఇటలీ వాళ్లూ, స్పెయిన్ వాళ్లూ కాస్త అటూ ఇటుగా అదే అంటారట. "మన స్వరపేటికే నాన్నా, బెల్లం మార్కెట్టంతా వినపడే నీ స్వరపేటిక" అని వేళాకోళం చేశావు. చదివి నవ్వాను. నవ్వు పైకి రాలేదు.

మార్కెట్టుకి బెల్లం దిమ్మలు బాగానే దిగుతున్నాయి. ఈ ఏడు వేలం నానాజీ మామయ్య పిలుస్తున్నాడు. వాడి గొంతు రెండో వరస దాటదు. లోపల తిట్టుకుంటూ ఓ పక్కన కూర్చుని వింటున్నాను.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. సిగ్నల్ లేదని అమ్మ చేత చెప్పించింది అబద్ధం. పోయిన సీజన్‌లోనే నా గొంతు బొంగురుపోయింది. వేలం పిలిచేవాడికి అది వింతేం కాదు, సీజన్‌లో పోతుంది, తర్వాత వస్తుంది. పాత బెల్లంలో మిరియాలు దంచి బుగ్గన పెట్టుకుని పిలుస్తూనే ఉన్నాను. సీజన్ అయిపోయింది, గొంతు రాలేదు. విశాఖలో డాక్టరు కాగితం మీద రాసిన మాట నీ లారింక్సే. క్యాన్సరన్నాడు. పోయిన నెల ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. ప్రాణానికి భయం లేదు, కంగారుపడకు. మెడకి చిన్న మిషను ఆనిస్తే గరగరమని పలకొచ్చంటున్నారు. అది నా గొంతు కాదు తల్లీ. నా గొంతు పోయింది.

ఆపరేషన్ ముందురోజు నీకు ఫోన్ చేశాను, గుర్తుందా?

"గొంతేటి నాన్నా అలగుంది?" అన్నావు.

"జలుబమ్మా. నువ్వు సదువుకో" అన్నాను.

ఎన్నో చెప్పాలని కూర్చున్నాను. నీ పరీక్షలు పాడవుతాయని ఆ ఒక్క ముక్కా చెప్పి పెట్టేశాను. నీతో ఆఖరిగా పలికింది అబద్ధమైపోయింది. అదే నన్ను తినేస్తోంది.

ఇప్పుడు రావద్దని రాయమంది అమ్మ. నాకు మాత్రం నిన్ను చూడాలనే ఉంది. అయినా పరీక్షలయ్యాకే రా.

వేలంలో ధర ఖాయమైతే దిమ్మ మీద అరచేత్తో చరిచేవాణ్ణి. చిన్నప్పుడు నా పక్కన నిలబడి ఆ చప్పుడుకి ఉలిక్కిపడేదానివి. ఈ ఆదివారం ఫోన్ చెయ్యి. నువ్వు మాట్లాడు. నేను బల్ల మీద అలాగే చరుస్తాను. ఆ చప్పుడు వినపడితే నాన్న విన్నాడనుకో. ఏడవకుండా మాట్లాడు. నేను ఏడ్చినా నీకు వినపడదులే.

ఇట్లు,
మీ నాన్న,
త్రినాధరావు