లోపల నల్లబడని అతుకు

అనంతపురం,
జూన్ 2003

చిరంజీవి సౌభాగ్యవతి భారతికి,

జయరాం రాసేది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ, అమ్మా, గొర్రెలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

కళ్లు మండుతున్నాయా అని అడిగావు. లేదు, ముఖానికి నల్లద్దం ముసుగు ఉంది. మన ఊరి కమ్మరిలా కాల్చి బాదే పని అనుకునేవు, అదేం కాదు. ఈ టిగ్ వెల్డింగ్‌లో కుడిచేతిలో మంట పుట్టే టార్చి, ఎడమచేతిలో కరిగించే సన్నటి తీగ, కాలి కింద మంట పెంచి తగ్గించే పెడల్. పాల డెయిరీకి పోయే స్టీలు పైపు మన చెంబు అంచంత పలచన. రెప్పపాటు ఎక్కువ నిలిచామా, బొక్క పడుతుంది. నలభై ఏళ్లొచ్చాక నేర్చుకుంటున్నానని నవ్వకు.

మొన్న ఒక ఘనకార్యం చేశాను. అతికేటప్పుడు పైపు లోపల గాలి తగిలి నల్లబడకుండా ఆర్గాన్ అనే గ్యాసు పారుతూనే ఉండాలి, అతుకు చల్లారేదాకా. ఊరికే పోతోందే అని నాకు ప్రాణం ఒప్పలేదు. కొళాయి దగ్గర బిందె నిండీ నిండకముందే కట్టేసే అలవాటు కదా మనది! మంట పెట్టేటప్పుడే తిప్పి, ఆరగానే కట్టేశాను. పైన అతుకు తళతళలాడింది. మాకు పని నేర్పే ఐజాక్ మేస్త్రి దాన్ని కోసి చూపించాడు. లోపలంతా మాడిన సంగటి కుండ అడుగే. ఆ గరుకులో పాలు నిలిచి విరిగిపోతాయట.

"జయరామన్నా, ఇది బోరు నీళ్లు కాదప్పా పొదుపు చేసేకి. ఇంకొక్కటి ఇట్లే చేస్తే నీ చేతికి పైపు ఇయ్యను" అన్నాడు.

సిగ్గుతో చచ్చాను. అయినా వదల్లేదు. తుక్కు ముక్కలు ఏరుకుని అతకడం, కోసి చూడడం, మళ్లీ అతకడం. నిన్నటి ముక్క లోపల కూడా తెల్లగా వచ్చింది. సోమవారం అసలు పైపు ఇస్తారు. అది నిలిస్తే పనిలో ఉంటాను, లేకపోతే ఇంటికే.

ఇక అసలు మాట. వాన పడిందని, విత్తనం వేయడానికి రమ్మని నీ తమ్ముడు బసప్పను పంపావు. సెలవు దొరకలేదని వాడితో చెప్పించాను. అది అబద్ధం. మేస్త్రి పోయి రమ్మనే అన్నాడు, నేనే రానన్నాను. ఇప్పుడిప్పుడే కుదిరిన చేయి, విత్తనపు గొర్రు పడితే మళ్లీ తప్పుతుందని భయం. విత్తే వేళకు నేను చేలో లేకపోవడం ఇదే మొదలు. బసప్ప బస్సెక్కాక ఏడుపొచ్చింది, నీ దగ్గర దాచేదేముంది.

ఈ ఉత్తరం మన ఊరి మీదుగా పోయే ముదిగుబ్బ బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. నా కోసం చూస్తూ నేల పదును ఆరనివ్వకు. బసప్ప గొర్రు పడతాడు, విత్తనం నువ్వు వెయ్యి. మూడేళ్లుగా మబ్బుల దయ మీద బతికాం. ఈ అతుకు మాత్రం నా చేతిలోనే ఉంది, నిలబెడతాను. సోమవారం నేను టార్చి పట్టే వేళకు నువ్వు చేలో ఉండాలి.

ఇట్లు,
నీ మొండి మగడు,
జయరాం