మన చెలకలో కాయని మామిడి

తాతా,

నువ్వు పోయాక బీడుపడిన మన చెలకలో మామిడి విరగకాసిందట! ఇక్కడ దమ్మామ్‌లో నాన్న యజమాని దాన్ని కౌలుకు తీసుకున్నట్టు కాగితం రాయించి, తన హైదరాబాద్ వ్యాపారంలో వచ్చిన లాభాన్ని ఆ తోట పంటగా చూపించాడు. పంట మీద ఆదాయపు పన్ను ఉండదు కదా. ఒప్పుకోకపోతే యజమాని ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేయిస్తాడని భయపడి నాన్న సంతకం పెట్టాడు. ఇప్పుడు పన్ను అధికారులు తోట చూడడానికి వస్తున్నారు. రేపు నాన్న ఊరికి వెళ్ళి వాళ్ళకు జవాబు చెప్పాలి.

“ఏం చెప్పాల్నో రాసియ్యి బిడ్డా, బట్టీ పడ్త,” అన్నాడు.

“ఒక్క చెట్టన్న లేదు కద నాన్నా!”

“కాసినంక కొట్టేసినమని రాయి. గన్ని మాటలు నేర్సినవ్ కద!”

పూత, పిందె, కాపు అన్నీ నువ్వు నేర్పిన మాటలే. అవి రాసిస్తే నాన్న జైలుకు పోతాడేమో, రాయకపోతే ఉద్యోగం పోతుంది. భయంగా ఉంది తాతా. నేను రాస్తున్నది ఆ జవాబే అనుకుని నాన్న తలుపు దగ్గరే నిలబడి అడుగుతున్నాడు, “అయిందా బిడ్డా?”