అమ్మ అల్లిన చేతితొడుగులు

హెల్సింకి, 1962 డిసెంబరు 18. ఎండ ఉంది కానీ చలి విపరీతం. ఉదయం బూట్లకు అడుగు వేయించాను.

సైమీ, ఈ కార్డు నువ్వొక్కదానివే చదువుకో, అమ్మకు వినిపించకు.

మన ఊరి యుద్ధ చరిత్ర కోసం ఆర్కైవ్స్‌లో కాగితాలు చూస్తుంటే, అక్కడి ఉద్యోగిని మన అర్మస్ ఉన్న దళం నాయకుడి నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. అర్మస్ చనిపోయిన రోజు పేజీ తీశాను. ఉర్హో అనే సైనికుడి వేళ్లు కొయ్యబారుతుంటే అర్మస్ తన తొడుగులు తీసి ఇచ్చాడట. "మరి నీకో?" అంటే, "నాకు జేబులున్నాయిలేరా. మా అమ్మ ఊరుకుంటుందా, ఇంకో జత అల్లిపారేస్తుంది!" అన్నాడట. ఆ సాయంత్రమే రష్యా ఫిరంగులకు ఇద్దరూ పోయారు. దొరికింది ఒక్క శవమే.

శవపేటిక ఊరికి వచ్చినప్పుడు ముఖం గుర్తుపట్టేలా లేదు. చేతులకున్న అమ్మ అల్లిన ఎర్రంచు తొడుగులు చూసి, మా తమ్ముడేనని చెప్పింది నేను. సైమీ, మనం పూడ్చుకున్నది ఉర్హోని.

"కాస్త నీళ్లు తాగండి బాబాయ్," అంది ఆ ఆర్కైవ్స్ అమ్మాయి. ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివాను.

అక్కడి కాగితాల ప్రకారం ఉర్హో తల్లి కయాని ఊళ్లో ఉందట, కొడుకు ఆచూకీ ఈనాటికీ తెలియదట. ఆమెకు నేనే వెళ్లి చెప్పాలి. అందుకే క్రిస్మస్‌కు రాలేను. ఆవు ఈనిందా? బావి పంపు గడ్డకట్టకుండా గడ్డి చుట్టించు.

పండుగ సాయంత్రం అమ్మను ఎప్పటిలాగే శ్మశానానికి తీసుకెళ్లు. ఈసారి కొవ్వొత్తులు రెండు పట్టుకెళ్లి వెలిగించు. ఎందుకని అడిగితే, గాలికి ఒకటి ఆరిపోతుందేమోనని చెప్పు.

మీరిద్దరూ క్షేమంగా ఉండాలి.

అన్నయ్య తోయివో