సగంలో తీసిన ఎముక

వదినా,

నువ్వు ఫోనెత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. "వాళ్లన్నయ్య పోగానే ఎముకలు దానం చేద్దామంది గానీ, ఆయన్ని యాసిడ్‌లో వేస్తారని చెప్పిందా?" అని అమ్మతో అన్నావట. నిజమే, ఆ మాట నా నోట రాలేదు.

యాసిడ్ ఎముకని తినెయ్యదు వదినా. గట్టిగా ఉంచే ఖనిజాలని మాత్రం లాగేస్తుంది. రాయిలాంటి ముక్క రబ్బరులా వంగుతుంది. ఆ మిగిలిన మెత్తనిదే ఇంకొకరి ఒంట్లో కొత్త ఎముకని పుట్టిస్తుంది.

నేను పనిచేసే ఎముకల బ్యాంకులో దాతల పేర్లుండవు. కానీ కిందటి వారం నా బల్ల మీదికొచ్చిన కాలి ఎముకకి, చిన్నప్పుడు అన్నయ్య గోడ దూకి విరగ్గొట్టుకున్న చోటే, వంకర అతుకుంది.

"నేను చెయ్యలేను సార్, మా అన్నయ్యదేమో" అన్నాను.

"ఇక్కడున్నవన్నీ ఎవరో ఒకరి అన్నయ్యవేనమ్మా" అన్నారు మా పై అధికారి.

ముక్కలు కోసి యాసిడ్‌లో వేశాను. వాటి మీద బుడగలు లేస్తుంటే చూడలేక, గడువు తీరకుండానే బయటికి తీసేశాను.

సగంలో తీసినవి ఎవరికీ అతకడానికి పనికిరావు. అది నాకు తెలియనిదేం కాదు. అన్నీ పారేశారు. అన్నయ్య ఇచ్చినదాన్ని జాలిపడి చేతులారా పాడుచేశాను.

యాసిడ్‌ని ఏమీ అనకు వదినా. ఒక్కసారి ఫోనెత్తి నన్ను తిట్టు.

నీ ఆడపడుచు